ఎల్లారెడ్డి దగ్గర, పొనికి కర్ర చేపతో ఒక పగలు

సికింద్రాబాద్‌లో కట్టుడు పళ్ళు తయారు చేసే ఒక చిన్న ల్యాబ్‌లో పని చేస్తాను. వారమంతా గోరంత వస్తువుల్ని దీపం కింద పెట్టుకుని అరగదీయడమే పని కాబట్టి, ఆదివారం వచ్చేసరికి కళ్ళు దూరాన్ని కోరుకుంటాయి. ఆరేళ్ళ కిందట అలా చెరువులకు వెళ్ళడం మొదలుపెట్టి, గాలం పట్టడం నేర్చుకున్నాను. అందులోనూ నాకు పిచ్చి పట్టించింది క్రాంక్‌బెయిట్. తెలియనివాళ్ళ కోసం చెప్తాను: అది బొద్దుగా, బొటనవేలంత ఉండే ఉత్తుత్తి చేప. మూతి కింద నాలుకలాగా ఒక పలుచని రేకు ఉంటుంది. దూరంగా విసిరి దారం చుడుతుంటే నీళ్ళు ఆ రేకును కిందికి నొక్కుతాయి, ఎర తోక ఊపుకుంటూ లోపలికి దిగుతుంది. చుట్టడం ఆపితే తిరిగి పైకి తేలుతుంది. కొర్రమీను, వాలుగ లాంటి వేటాడే చేపలు దాన్ని నిజం చేపనుకుని మీద పడతాయి. పడాలి, అంటే. నాకు మాత్రం ఆన్‌లైన్‌లో కొన్నవి చాలావరకు ఒకటొకటిగా నాచుకూ, నీట మునిగిన మోడులకూ సమర్పణ అయిపోయాయి.

పోయిన ఎండాకాలం, నాలాగే గాలం పట్టే ఒకాయన తన పెట్టెలోంచి చెక్కతో చేసిన క్రాంక్‌బెయిట్ ఒకటి తీసి ఇచ్చాడు. రంగు కాస్త అటూ ఇటూగా ఉంది, కన్ను పెద్దదిగా ఉంది. నీళ్ళలో వేసి చుట్టగానే గాలం కర్ర కొసదాకా ఒక వణుకు పాకింది. అంత సన్నని, తెంపు లేని వణుకు నా ఖరీదైన ఎరల్లో ఎప్పుడూ తెలియలేదు. నాలుగో విసురుకు కొర్రమీను పడింది. ఎక్కడ కొన్నారంటే, కామారెడ్డి బస్టాండు దగ్గర వలలు అమ్మే కొట్టులో అన్నాడు. ఆ కొట్టువాళ్ళ ద్వారా చేసినాయన నంబరు దొరికింది. పేరు రాజేశం, ఎల్లారెడ్డి దగ్గర పల్లె. వానలు వెనకపట్టాక ఫోన్ చేసి, వచ్చి చూడొచ్చా అని అడిగాను.

"రా మేడం, చూద్దువు గని. గని బుధవారమే రా. బేస్తవారం సంది మా చెరువుల గాలం ఎయ్యనిస్తరో లేదో తెల్వది," అన్నాడు. ఎందుకని అడిగేలోపు ఎవరో పిలిచారని ఫోన్ పెట్టేశాడు. నేను బుధవారానికి సెలవు పెట్టాను.

పొద్దున ఆరు దాటాక సికింద్రాబాద్‌లో నిజామాబాద్ వైపు వెళ్ళే రైలెక్కితే ఎనిమిదిన్నర లోపు కామారెడ్డిలో దిగొచ్చు. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. స్టేషన్ బయట నాలుగు ఇడ్లీలు తిని, ఇరవై రూపాయలు ఆటోకిచ్చి బస్టాండుకు చేరితే ఎల్లారెడ్డి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. మగవాళ్ళకైతే అరవై దాకా అవుతుంది. గాలం కర్రను ప్లాస్టిక్ పైపులో పెట్టి భుజానికి తగిలించుకున్నాను కదా, కండక్టరమ్మ దాన్నే అనుమానంగా చూసింది. "ఏందమ్మా గా పైపుల? బోరు మోటర్ సామానా?" చేపల గాలమని చెప్పాను. "ఆడోళ్ళు గూడ గాలమేస్తరా?" అని కాసేపు ఆలోచించి, "మంచిగనే ఉన్నది తీయ్. నిమ్మళంగ కూసునే పని," అని టికెట్ చేతిలో పెట్టింది. లింగంపేట దారిలో టేకు చెట్లు రోడ్డుకు రెండు వైపులా తడి ఎండలో మెరుస్తున్నాయి. గంటా పావుకు ఎల్లారెడ్డి. అక్కడినుంచి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. ఊరి పేరు రాయొద్దని అక్కడివాళ్ళు మరీ మరీ అడిగారు కాబట్టి రాయడం లేదు. కామారెడ్డిలో ఆ వలల కొట్టులో అడిగితే దారి చెప్తారు.

రాజేశం నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు కర్రపుల్లల్లా బిగుసుకుని ఉన్నాయి. యాభై దాటిన మనిషి. పన్నెండేళ్ళు మస్కట్‌లో స్లాబులకు చెక్కలు కొట్టే పని చేశాడట. అక్కడ శుక్రవారం సెలవుల్లో, తన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషితో సముద్రపు ఒడ్డుకు వెళ్ళేవాడు. ఆ మనిషి క్రాంక్‌బెయిట్ విసురుతుంటే ఈయన పక్కన కూర్చుని చూసేవాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. "మాటలెందుకు చెల్లె, చేత్తోని చూపిస్తుండె," అన్నాడు. మేడం నుంచి చెల్లెకు మారడానికి ఆయనకు ఒక గ్లాసు చాయ్ పట్టింది, అంతే. తర్వాత రంపం కింద చెయ్యి పడింది. వేళ్ళలో నరాలు తెగి ఊరికొచ్చేశాడు. వడ్రంగం చేద్దామంటే బరువు పట్టలేని చెయ్యి. బొటనవేలంత చేపనైతే పట్టుకోగలదు. అలా మొదలైందట.

వాడేది పొనికి కర్ర, నిర్మల్ బొమ్మలు చేసేదే. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. "గందుకే మంచిగ తేలుతది," అన్నాడు. ఎడమ పాదం కింద చెక్కను అదిమిపట్టి, మంచి చేత్తో కత్తి నడిపిస్తుంటే పొట్ట, తోక, మూతి పది నిమిషాల్లో బయటికొచ్చాయి. లోపల చిన్న తొర్ర చేసి సైకిల్ బేరింగ్ గుండ్లు రెండు వేసి మూసేస్తాడు. ఊపితే గలగలమంటుంది. నాలుకకు పాత సీడీలు కత్తిరిస్తాడు. నీరు చొరబడకుండా నాలుగు పూతలు వార్నిష్. నేనూ రోజంతా చిన్న వస్తువులే చెక్కే మనిషిని కాబట్టి ఆ చేతి పని ఎంత గట్టిదో నాకు తెలుస్తుంది. కొలబద్ద లేదు, గీత లేదు. రెండు వైపులా పొట్ట మాత్రం ఒక్కలాగే వచ్చింది.

ఏ చెరువుకు ఏది వాడాలి అని నేనడిగితే రెండింటిని నేల మీద పక్కపక్కన పెట్టాడు. "ముందుగాల నాలుక చూడు. గిది పొట్టిది, నిలువుగున్నది, మోకాలు లోతుకు మించి దిగది. గట్టు పొంటి, నాచు మీదికెల్లి తేవాలంటే గిదే. గిది పొడుగుది, ముందుకు సాగినట్లున్నది, రెండు నిలువుల లోతుకు పోతది. తూము కాడ గిది పనికొస్తది. చేప ఎంత లోతుల ఉన్నదో దాని మీదికెల్లి జర పైనుంచే పోవాలె. చేప పైకి చూస్తది గని కిందికి చూడది." రంగు సంగతి అడిగాను. "నీళ్ళు తేటగుంటే చేపపిల్ల రంగు. గిప్పుడు వానలకు ఎర్రగున్నయ్ గద, పసుపు రంగు, నల్ల ఈపు. కానరాకున్నా గుండ్ల సప్పుడన్న ఇనబడాలె." ఇంటర్నెట్‌లో గంటల కొద్దీ చూసిన వీడియోల సారం ఇంతే. ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

అయితే ఆ ఇంట్లో అసలు మాయ రాజేశంది కాదు, ఆయన భార్య గంగమణిది. ఆమె గుమ్మం పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్ళ వైపు చూడనే చూడడం లేదు. రాజేశం కొత్త ఎరకు దారం కట్టి సిమెంటు తొట్టిలో ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. ఎర వంకరగా పోయి తొట్టి గోడకు తగిలింది. "ఎడమకు కొడుతున్నది," అంది గంగమణి తల ఎత్తకుండానే. ఎరను చేతిలోకి తీసుకుని, దారం కట్టే ఇనుప కొక్కేన్ని గోటితో తడిమి, చిన్న పట్టకారుతో వెంట్రుకవాసి కుడికి వంచింది. మళ్ళీ లాగితే నూలు పట్టినట్టు నేరుగా వచ్చింది. మొదట్లో చేసిన ఎరలన్నీ పక్కకు పల్టీ కొడుతుంటే, రాజేశం విసిగిపోయి పొయ్యిలో వేయబోయాడట. "నేనన్న, చేప మంచిగనే ఉన్నది, ముక్కే వంకరున్నదని. ఆకుల పొగాకు ఓ దిక్కు ఎక్కువైతే బీడీ గుంజదు. గిదీ గంతే గద," అందామె. అప్పటినుంచి ఆమె చెయ్యి పడకుండా ఒక్క ఎర కూడా ఆ ఇల్లు దాటలేదు.

జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. తింటున్నప్పుడు బేస్తవారం సంగతి అడిగాను. రాజేశం రొట్టె పక్కన పెట్టి చెప్పాడు. చెరువు మత్స్యకారుల సంఘానిది. నిరుడు పట్నం నుంచి వచ్చిన కొందరు గాలాలు వేసి, తెగిన ఎరల్ని వలల్లోనే వదిలేసి పోయారు. సంఘం అధ్యక్షుడు సాయిలు వల లాగుతూ వాటిలో ఒకదాన్ని తొక్కాడు. క్రాంక్‌బెయిట్‌కు మూడు కొనల గాలాలు రెండు వేలాడుతుంటాయి. ఒక కొన అరికాల్లో దిగి, దాని మీదుండే ఎదురుముల్లు వల్ల వెనక్కి రాలేదు. ఆసుపత్రిలో కోసి తీయాల్సి వచ్చింది. రెండు నెలలు ఆయన నీళ్ళలో దిగలేదు. ఇప్పుడు సంఘం, చెరువులో గాలమే వద్దని తీర్మానం చేయబోతోంది. ఆ సాయంత్రమే కూర్చుంటున్నారు. అదే జరిగితే రాజేశానికి ఎరల్ని పరీక్షించే చోటు ఉండదు. ఆయన చెక్క చేపలు కొని అక్కడే వేసి చూసుకునే నాలాంటివాళ్ళూ రారు. "తప్పు సాయిలన్నది గాదు చెల్లె," అన్నాడు రాజేశం. "నా కాలైనా గంతే అందును."

మధ్యాహ్నం ఒంటిగంటకు ముగ్గురం చెరువు కట్ట మీదికి నడిచాం. గంగమణి చాట కూడా వెంట తెచ్చుకుంది. సాయిలు అప్పటికే తూము దగ్గర కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. లేచి నిలబడితే ఎడమకాలు ఆచితూచి ఆనించాడు. రాజేశం తన ఎర తీసి, గాలాల మీది ఎదురుముల్లును పట్టకారుతో ఎలా నొక్కేశాడో చూపించాడు. "గిప్పుడు ఏడ గుచ్చినా, ఎట్ల పోయిందో గట్లనే ఎల్లొస్తదన్నా."

"మాటలు గాదు రాజేశం. చూపియ్," అన్నాడు సాయిలు.

రాజేశం ఎరను తీసుకెళ్ళి నేరుగా సాయిలు కట్టిన వల మీదికే విసిరాడు. చిక్కింది. దారం వదులు చేసి కర్ర కొసను రెండుసార్లు ఆడించాడు, ఊడొచ్చింది. రెండోసారీ ఊడింది. మూడోసారి ఊడలేదు. సాయిలు తెప్ప మీద వెళ్ళి, వల కళ్ళు రెండు కోసి ఎరను తీసుకొచ్చాడు.

దాన్ని రాజేశం చేతిలో పెట్టి, తూము ముందున్న నీళ్ళ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "గాడ ఓ వాలుగ ఉన్నది. మేం ఇడిచిన పిల్లలను తింటున్నది, రెండు వలలు చింపింది. గది పడితే గాలంతోని లాభమున్నదని చెప్తా నలుగురికి."

మొదట నేను విసిరాను. నా దగ్గర మిగిలిన ఖరీదైన ఎరల్లో ఒకటి, పొడుగు నాలుకది. తూము దగ్గర నీటి అడుగున పాత తుమ్మ మోడులున్నాయని రాజేశం చెప్పాడు, అయినా నేను వేగంగా చుట్టాను. రెండో విసురుకే మోడులో దిగబడి, లాగితే దారం తెగింది. సాయిలు ముఖం చూడలేకపోయాను. నేను చేసిందే కదా ఆయన వద్దంటున్నది! ఆయన మాత్రం, "మోడుల కాడ మేం వల కట్టం తియ్యి బిడ్డా," అని ఊరుకున్నాడు.

అప్పుడు రాజేశం నా కర్రకే తన పసుపు చేపను కట్టాడు. తూముకు అవతల విసిరి నిదానంగా చుట్టడం మొదలుపెట్టాడు. ఎర మోడుకు తగిలినప్పుడల్లా కర్ర కొస టక్కుమంటోంది. తగలగానే చుట్టడం ఆపేస్తున్నాడు. "నాలుక ముందుగాల తాకుతది, గాలాలు దాని ఎనకాల ఉంటయ్. ఆపితే చెక్క గదే ఎనకకు తేలుతది. గప్పుడు మల్ల చుట్టాలె. పారిపోయే చేప గట్లనే తడబడతది, వాలుగకు గదే కావాలె." క్రాంక్‌బెయిట్‌ను అడ్డంకులకు దూరంగా తేవాలని ఆరేళ్ళు అనుకున్నాను. దాన్ని కావాలనే గుద్దించి, ఓపికగా ఆగాలని ఆ కట్ట మీద తెలుసుకున్నాను.

ఎన్నో విసురో లెక్కపెట్టలేదు. ఎండ కొంచెం పక్కకు వాలింది. టక్కుమంది, ఆపాడు, మళ్ళీ ఒక చుట్టు చుట్టాడో లేదో కర్ర నీళ్ళ వైపు సగానికి వంగిపోయింది. రీలు బుర్రుమంది. రాజేశం కాళ్ళు దన్ను పెట్టి నిలబడ్డాడు. చేప లోతుకు గుంజుతుంటే రీలు పిడి తిప్పాల్సిన చెయ్యి కుడిచెయ్యి. ఐదారు చుట్లకే పిడి ఆ చేతిలోంచి జారింది. నేను ముందుకు అడుగేసేలోపే గంగమణి చాట పక్కన పెట్టి లేచింది. ఆయన పక్కన ఒరుసుకుని నిలబడి పిడి అందుకుంది. ఆయన రెండు చేతులతో కర్ర పట్టాడు, ఆమె చుట్టింది.

"దారం వదులు గానీయకు. ఎదురుముల్లు లేదు," అన్నాడు రాజేశం.

"ఎరికే. నువ్వు కర్ర లేపు."

చేప గుంజితే ఆమె ఆగుతోంది, ఆగితే చుడుతోంది. అరగంట అనిపించింది కానీ పది నిమిషాలే అయి ఉంటుంది. గట్టు రాళ్ళకు రెండు బారల దూరంలో వాలుగ పైకి తేలింది. వెడల్పాటి నోరు, వెండి పట్టీలాంటి పొడుగాటి ఒళ్ళు. సాయిలు తువ్వాలు చేతికి చుట్టుకుని, దాన్ని పట్టడానికి నీళ్ళ అంచుకు దిగాడు. అది ఒక్కసారి తల విదిల్చి నేరుగా మా వైపే దూసుకొచ్చింది. దారం వదులైంది. గాలం ఊడిపోయింది. వంగిన కర్ర విల్లులా వెనక్కి లేవడంతో ఎర గాల్లోకి ఎగిరి సాయిలు పిక్కలో గుచ్చుకుంది.

వాలుగ తోకతో ఒక చరుపు చరిచి లోపలికి పోయింది. సాయిలు వంగి కాలు చూసుకున్నాడు. పిక్కలో ఒక కొన పూర్తిగా దిగి ఉంది. రాజేశం కర్ర పారేసి, "సాయిలన్నా!" అంటూ రాళ్ళ మీది నుంచి పరుగెత్తాడు. సాయిలు చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళతో గాలం మెడ పట్టుకుని, అది దిగిన దారినే వెనక్కి లాగాడు. వచ్చేసింది. చర్మం మీద ఎర్రటి చుక్క ఒకటి నిలబడింది. ఆయన ఎరను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నిరుడు దవాఖానల నలుగురు పట్టుకుంటే రెండు గంటలు పట్టె," అన్నాడు నెమ్మదిగా. "గిది నా ఏళ్ళతోనే ఎల్లింది." తర్వాత రాజేశం వైపు తిరిగి, "గంత పెద్ద చేప నోట్ల ఆగనిది మా వలల ఏం ఆగుతది రా!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే రాయి మీద కూలబడ్డాడు. గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

నేను పట్టుబట్టి ఆయన్ను ఆటోలో ఎల్లారెడ్డి తీసుకెళ్ళి టీటీ సూది వేయించాను. దారంతా ఆయన చెయ్యి వదల్లేదు ఆ ఎర. "నాలుక సీడీదా? మా మనుమనింట్ల మస్తున్నయ్ గా సీడీలు," అన్నాడు. ఐదున్నరకు బస్సు, ఏడున్నర ప్రాంతంలో కామారెడ్డిలో సికింద్రాబాద్ రైలు, పది లోపు ఇంట్లో ఉన్నాను. మర్నాడు పొద్దున రాజేశం ఫోన్ చేశాడు. గాలానికి సంఘం ఒప్పుకుంది. ఎదురుముల్లు నొక్కిన గాలాలే వాడాలి, చెరువులో దిగేముందు సంఘం మనిషికి చూపించాలి, వలలున్న వైపు విసరకూడదు, రోజుకు వంద రూపాయలు సంఘానికి కట్టాలి. గాలాలు చూసే పని ఎవరిదో తెలుసా అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "గంగమణిది," అన్నాడు.

నా ఫోన్‌లో వాలుగ ఫోటో లేదు. ఆరేళ్ళలో నేను చూసిన అతిపెద్ద చేప అది, దాని గురించి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా ఇంత నిండుగా ఏ చెరువు నుంచీ తిరిగి రాలేదు. ఎరను ఎంచుకోవడమంటే లోతు, రంగు, వేగం అనుకునేదాన్ని. అవన్నీ నిజమే. కానీ ఆ నీళ్ళు ఎవరివో, వాటిలో రోజూ ఎవరి పాదాలు దిగుతాయో తెలుసుకున్నాకే ఆ ఎంపిక పూర్తవుతుందని అక్కడ అర్థమైంది. చేప జారిపోతుందని తెలిసీ ముల్లు నొక్కేసిన మనిషి పనితనం ముందు, నా పెట్టెలోని మెరిసే ఎరలన్నీ కొంచెం చిన్నబోయాయి.

వెళ్ళాలనుకునేవారికి ఒకటే సలహా: చెరువు చేరగానే కర్ర విప్పకండి. కట్ట మీద ఎవరు కూర్చున్నారో చూసి, వెళ్ళి వాళ్ళ పక్కన ఓ పావుగంట కూర్చోండి. ఎక్కడ మోడులున్నాయో, ఎక్కడ వలలున్నాయో, ఏ నాలుక ఎర వేయాలో అన్నీ వాళ్ళే చెప్తారు.